పదిహేడో అంశం దాకా పుడ్డింగు లేదు

మార్చి మొదటి మంగళవారం పొద్దున్న ఆరున్నరకి విన్నీ స్టోవెల్ లైబ్రరీ తాళం తీస్తూ, ఆ రోజు చెయ్యాల్సిన పనులన్నీ మనసులో ఒకసారి వరసపెట్టుకుంది. ఊళ్లోవాళ్లు తెచ్చే పుడ్డింగు గిన్నెలు తీసుకోవాలి. వాటిని లోపల భద్రంగా దాచాలి. తొమ్మిదింటికల్లా రోడ్డు దాటి టౌన్ హాల్లో ఊరి సభకి వెళ్లాలి. అక్కడ నోరు మూసుకుని కూర్చోవాలి. నాలుగింటిలోనూ చివరిదే కష్టమని ఆవిడ అనుకుంది. మొదటి మూడూ దానికంటే కష్టమని సాయంత్రానికి గాని తెలియలేదు.

హాస్కెల్ వెర్మాంట్ కొండల్లో ఉన్న చిన్న ఊరు. ఏడాదికి ఒక్కరోజు ఊరంతా ఒకచోట కూర్చుని, రోడ్ల మీద మంచు తీసే బండి దగ్గర్నుంచి కుక్కల లైసెన్సుల దాకా ప్రతి ఖర్చునీ చేతులెత్తి తేల్చుకుంటుంది. లైబ్రరీ ఖర్చులకీ, భవనాన్ని వెచ్చబెట్టడానికి ఒక కొత్త ఫర్నేసుకీ డబ్బివ్వాలా వద్దా అన్నది జాబితాలో పదిహేడో అంశం. దానికి ముందున్న పదహారోది శ్మశానం కంచె. శ్మశానానికి అడిగినంతా ఇస్తారు. ఎప్పటికైనా అందరికీ అక్కడ పని పడుతుందని ఊరి నమ్మకం. లైబ్రరీ విషయంలో అలాంటి నమ్మకం లేదు.

అసలు చిక్కంతా భోజనం దగ్గర వస్తోంది. సభ రోజున పన్నెండింటికి అందరూ కలిసి భోజనం చేస్తారు. భోజనం చివర తీపి కింద పుడ్డింగు తింటారు. అది తినగానే పిల్లల తల్లులూ ముసలివాళ్లూ, అంటే లైబ్రరీకి నిజంగా వచ్చే జనం, ఎవరి గిన్నెలు వాళ్లు కడుక్కుని ఇళ్లకి పోతారు. ఏ ఖర్చుకైనా సరే వద్దని చెప్పడానికి ఏడాదంతా ఎదురుచూసే పెద్దమనుషులు మాత్రం కుర్చీలకి అతుక్కుపోయి ఉంటారు. అలా నిరుడు లైబ్రరీ నాలుగు ఓట్లతో ఓడిపోయింది. ఈసారి కూడా ఓడిపోతే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తలుపులు మూసేస్తామని లైబ్రరీ కమిటీ తీర్మానం చేసేసింది. పంతొమ్మిదేళ్లుగా ఆ తలుపులు తీస్తున్న మనిషి విన్నీ. ఆరు నెలలు మూసిన లైబ్రరీని ఏడో నెలలో ఎవరూ తెరవరని ఆవిడకి బాగా తెలుసు.

లోపల అడుగుపెట్టగానే ఆవిడ ఊపిరి తెల్లగా పొగలా కనిపించింది. నేలమాళిగలోకి దిగి చూస్తే పాత ఫర్నేసు చల్లగా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. శనివారం సాయంత్రం లైబ్రరీ మూసినప్పుడు దగ్గుతూ అయినా మండుతూ ఉండింది. విన్నీ ఎర్ర బొత్తాం మూడుసార్లు నొక్కింది. మూడుసార్లూ ఏమీ కాలేదు. పైకి వచ్చి చూస్తే నేల తుడిచే బకెట్లో నీళ్ల మీద మంచు పొర కట్టి ఉంది.

"తలుపెయ్యవే, చలి లోపలికొస్తోంది" అంటూ ఆగస్టా పెండిల్టన్ బియ్యం పుడ్డింగు గిన్నెతో వచ్చింది. డెబ్భై నాలుగేళ్ల ఆగస్టా లైబ్రరీ కమిటీకి పెద్ద. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. మిగతా సగం మంది కూడా భయంకొద్దీ ఆవిణ్ణి టీచర్‌గారూ అనే పిలుస్తారు.

"లోపలికి రావట్లేదు టీచర్‌గారూ, బయటికి పోతోంది. చలంతా ఇక్కడే ఉంది" అంది విన్నీ. "ఫర్నేసు పోయింది. ఈసారి నిజంగానే పోయింది."

ఆగస్టా బకెట్లోకి తొంగిచూసి తల పంకించింది. "మంచిదేలే. పాలతో చేసినవి చెడిపోకుండా ఉంటాయి. ఇన్నేళ్లకి ఆ ఫర్నేసు మనకో సాయం చేసింది."

"సభలో చెప్దామా?"

"నిరుడు చెప్పావుగా. ఏమైంది?"

నిరుడు ఇదే సభలో విన్నీ లేచి, లైబ్రరీ ఫర్నేసు ఆగిపోయిందని చెప్పింది. వెంటనే రోస్కో డ్రౌన్ తన బండిలోంచి పానా తీసుకుని రోడ్డు దాటి వెళ్లాడు. రెండు దెబ్బలు వేసి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, "శుభ్రంగా మండుతోంది. మన లైబ్రేరియన్ గారికి స్విచ్చి ఎక్కడుందో తెలీదంతే" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. రోస్కో చెరుకు రసం కాచినట్టు మేపుల్ చెట్ల రసం కాచి పాకం అమ్ముకునే రైతు. పదకొండేళ్ల క్రితం ఆ ఫర్నేసుని పైసా తీసుకోకుండా బాగుచేసింది ఆయనే. అప్పట్నుంచీ దాన్ని ఎవరైనా ఒక్కమాటంటే తనని అన్నట్టే లెక్క.

"అందుకని నువ్వు నోరు మెదపొద్దు" అంది ఆగస్టా. "మన పథకం చాలు. పుడ్డింగులు భోజనంతో పెట్టం. పదిహేడో అంశం అయ్యాక పెడతాం. గిన్నె వదిలేసి ఇంటికిపోయే మనిషి ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు."

ఆ మాట అబద్ధం కాదు. హాస్కెల్లో గిన్నెలు వంశపారంపర్యంగా వస్తాయి. ప్రతి గిన్నె అడుగునా ఇంటిపేరు రాసిన టేపు ముక్క అంటించి ఉంటుంది. సభ నుంచి మొగుణ్ణి మరిచిపోయి ఇంటికెళ్లిన ఇల్లాళ్లు ఊళ్లో ఇద్దరున్నారు. గిన్నె మరిచిపోయినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఏడింటి నుంచి జనం రావడం మొదలైంది. చలి సంగతి బయటపడకుండా విన్నీ గుమ్మంలోనే నిలబడి గిన్నెలు అందుకుంది. అంతవరకూ బాగానే ఉంది. అయితే ఒకరి చేతిలోంచి వస్తువు తీసుకుని ఊరికే ఉండటం ఆవిడకి చేతకాదు. పంతొమ్మిదేళ్ల అలవాటు. లైబ్రరీ పుస్తకాలకి అంటించే చీటీల కట్ట తెచ్చుకుని, ఒక్కో గిన్నెకీ ఒక్కో చీటీ రాసి ఇచ్చింది. పైన అంకె, దాని కింద ఇంటిపేరు, దాని కింద పుడ్డింగు రకం. చివర్న "తిరిగి ఇచ్చు వేళ" అని అచ్చువేసి ఉన్న ఖాళీలో "పదిహేడో అంశం తరవాత" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. నిజమే రాసింది పాపం. తర్వాత జరిగిన గొడవకంతా ఆ నిజమే మూలమైంది.

రోస్కో తన మేపుల్ కస్టర్డు స్వయంగా పట్టుకొచ్చాడు. నీలం అంచున్న ఎనామిల్ గిన్నె, వాళ్లమ్మది. చీటీని కళ్లకి దూరంగా పెట్టుకుని చూశాడు.

"ఇదేంటమ్మా?"

"రసీదండి."

"నా గిన్నె నాకివ్వడానికి నేను రసీదు చూపించాలా?"

"తారుమారు కాకుండా ఉంటుందని రోస్కో గారూ."

ఆయన చీటీని టోపీలో దోపుకున్నాడు. విన్నీ భుజం మీదుగా లోపలికి చూడబోయి, "వెచ్చగా ఉందా లోపల?" అన్నాడు.

"మీ ఫర్నేసు సంగతి మీకు తెలియనిదేముంది" అంది విన్నీ. ఆయన మీసం సర్దుకుంటూ వెళ్లిపోయాడు. విన్నీ ముప్ఫై ఒక్క గిన్నెల్నీ వెనక పిల్లల గదిలో పొట్టి అరల మీద, ఇంటిపేర్ల వరసలో సర్దింది. ఇంకెలా సర్దాలో ఆవిడకి తెలియదు.

సభ తొమ్మిదింటికి మొదలై మామూలుగానే నడిచింది. మంచు తీసే బండి గురించి గంట, ఆ బండి నడిపే వాడి గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. పన్నెండు కొట్టగానే అధ్యక్షుడు క్లెమెంట్ ఫిస్క్ సుత్తి బల్ల మీద కొట్టి విరామం ప్రకటించాడు. క్లెమెంట్ పశువుల డాక్టరు. ఇరవై రెండేళ్లుగా సభాధ్యక్షుడు. ఆవు ఈనుతున్నా సరే, నిబంధనల పుస్తకం చంకలో ఉండాల్సిందే.

బీన్సు, పందిమాంసం, బన్ను, క్యాబేజీ తురుము అన్నీ వడ్డించారు. తిన్నారు. తినడం అయ్యాక జనం అలవాటు కొద్దీ చివరి బల్ల వైపు చూశారు. ఆ బల్ల మీద కాఫీ కెటిలు తప్ప ఇంకేమీ లేదు. హాల్లో మాటలు మెల్లమెల్లగా తగ్గిపోయాయి.

అప్పుడు బెర్నీస్ గాన్యాన్ తన చీటీ బయటికి తీసింది. బెర్నీస్ చెడ్డ మనిషేం కాదు. చెవిన పడ్డ వార్తని ఒక్కపూట కూడా ఖాళీగా కూర్చోనివ్వదు, అంతే. "పదిహేడో అంశం తరవాత" అని పైకి చదివింది. "పదిహేడో అంశం ఏంటి?"

"లైబ్రరీ" అన్నారెవరో.

"అంటే లైబ్రరీ ఓటు అయ్యేదాకా మన పుడ్డింగు మనకివ్వరా?"

మొదటి బల్ల దగ్గర మాట అంతే. రెండో బల్లకి చేరేసరికి, లైబ్రరీకి ఓటేసినవాళ్లకే పుడ్డింగు అన్నట్టు మారింది. మూడో బల్ల దగ్గర ఒకాయన తన చీటీ మీది అంకె చూపించి, ఎవరు చెయ్యెత్తారో ఎవరు ఎత్తలేదో ఆ అంకెల ప్రకారం రాసుకుంటారని వివరించాడు. కాఫీ కెటిలు దగ్గరికి వచ్చేసరికి, వద్దని ఓటేసినవాళ్ల గిన్నెల్ని జూన్‌లో పాత పుస్తకాలతో పాటు అమ్మకానికి పెడతారని తేలిపోయింది. ధర కూడా ఎవరో చెప్పారు.

సభ మళ్లీ మొదలవగానే రోస్కో లేచాడు. "అధ్యక్షా, పాయింట్ ఆఫ్ ఆర్డర్."

"దేని గురించి?"

"పుడ్డింగు గురించి."

క్లెమెంట్ కళ్లజోడు సవరించుకుని నోటీసు పైనుంచి కిందికి చదివాడు. "నెల్లాళ్ల కిందట అంటించిన నోటీసులో పుడ్డింగు లేదు. నోటీసులో లేనిదాన్ని సభలో చర్చించడానికి వీల్లేదు."

"మా అమ్మ గిన్నె లైబ్రరీలో ఉంది."

"మీ అమ్మగారి గిన్నె కూడా నోటీసులో లేదు. పదమూడో అంశం, వంతెన చెక్కలు."

రోస్కో కూర్చున్నాడు. కూర్చున్న తీరు చూస్తే, పదిహేడో అంశం వచ్చినప్పుడు లేవడానికి కాళ్లు కూడదీసుకుంటున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. వెనక వరసలో ఆగస్టా మాత్రం మురిసిపోతోంది.

"చూశావా? ఒక్కరు కూడా కదల్లేదు" అని విన్నీ చెవిలో గుసగుసలాడింది.

"కదల్లేదు టీచర్‌గారూ. కానీ వాళ్ల మొహాలు ఒకసారి చూడండి."

ఆగస్టా చూసింది. నలభై ఏళ్లు బడి నడిపిన మనిషికి మొహాలు చదవడం రాదని కాదు. "కొంచెం కోపంగా ఉన్నారు" అని ఒప్పుకుంది.

"కొంచెమా? మనల్ని దొంగల్లా చూస్తున్నారు. నేనెళ్లి పుడ్డింగులు తెచ్చేస్తాను."

"తెస్తే తిని వెళ్లిపోతారు."

"పోనివ్వండి. గిన్నెలు ఎత్తుకుపోయిందన్న పేరుతో గెలవడం కంటే ఓడిపోవడమే నయం" అంది విన్నీ. అని లేచి, కోటు వేసుకుని వంతెన చెక్కల చర్చ మధ్యలోంచి బయటికి నడిచింది.

పిల్లల గదిలో గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. విన్నీ ఆగస్టా గిన్నె మీది గుడ్డ తీసి, చెంచాతో ఒకసారి నొక్కింది. చెంచా దిగలేదు. గట్టిగా నొక్కితే చెంచా వంగింది. బెర్నీస్ బ్రెడ్ పుడ్డింగు మీద వేలితో కొడితే తలుపు కొట్టిన చప్పుడొచ్చింది. వరసలో ఉన్న గిన్నెలన్నీ ఒక్కొక్కటిగా కొట్టి చూసింది. అన్నీ అదే మాట చెప్పాయి. ముప్ఫై ఒక్క కుటుంబాల పుడ్డింగులు రాళ్లయి కూర్చున్నాయి. విన్నీ పిల్లల పొట్టి కుర్చీలో కూలబడి కాసేపు తల పట్టుకుంది.

ఇంత కంగారులోనూ ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. అలాంటి సమయంలో తట్టే ఉపాయాలు ఎలా ఉంటాయో అలాగే ఉందది. ఆగస్టాదీ బెర్నీస్‌దీ గిన్నెలు రెండు చేతుల్లో పట్టుకుని టౌన్ హాలు వెనక గుమ్మం గుండా వంటింట్లో దూరింది. పొద్దుటి వంటకి వేడెక్కిన ఓవెన్ ఇంకా ఆర్పలేదు. రెండు గిన్నెల్నీ అందులో పెట్టి తలుపు మూసింది. ఇవి కరిగితే మిగతావి కూడా జతలు జతలుగా కరిగించవచ్చని లెక్క వేసుకుంది. పదిహేను జతలు కరిగేసరికి తెల్లారుతుందన్న సంగతి అప్పుడు తోచలేదు.

హాల్లో పదిహేనో అంశం నడుస్తోంది. జాజికాయ, చక్కెర, వేడి వెన్న కలిసిన వాసన వడ్డించే కిటికీలోంచి మెల్లగా హాల్లోకి పాకింది. ముందు వరసలో ముక్కులు పైకి లేచాయి.

"అది నా బ్రెడ్ పుడ్డింగు" అంది బెర్నీస్. "ఆ జాజికాయ నేనే అరగదీశాను."

"వాళ్లు లోపల కూచుని తింటున్నారన్న మాట" అన్నాడు పక్కాయన.

ఆ క్షణంలోనే వంటింట్లో ఢామ్మని చప్పుడైంది. గడ్డకట్టిన గాజు గిన్నెని కాగుతున్న ఓవెన్లో పెడితే ఏమవుతుందో ఆగస్టా గిన్నె చేసి చూపించింది. క్లెమెంట్ చప్పుడు తన సుత్తిదేమోనని చేతిలోకి చూసుకున్నాడు. కాదు.

"వంటింట్లో ఎవరది?"

విన్నీ మొహం కిటికీలో కనిపించింది. నుదుటి మీద ఒక అన్నం మెతుకు అతుక్కుని ఉంది. "నేనేనండి. ఏం లేదు" అంది. హాల్లో ఉన్న నూట నలభై మందీ ఆ మెతుకు వైపే చూశారు. ఇంకెవరికీ ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

శ్మశానం కంచెకి అడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చారు. పదిహేడో అంశం వచ్చింది. ఆగస్టా లేచి మూడు నిమిషాలు మాట్లాడింది. ఇంటర్నెట్ లేని కొండమీది ఇళ్ల పిల్లలు హోంవర్కు ఎక్కడ చేసుకుంటున్నారో చెప్పింది. చలికాలం పొడుగునా మనిషి మొహం చూడని ముసలివాళ్లు మంగళ, గురు, శనివారాల కోసం ఎలా ఎదురుచూస్తారో చెప్పింది. బాగా చెప్పింది. మామూలు రోజైతే చప్పట్లు పడేవి. అప్పుడు ఎవరో దగ్గారు, అంతే. లైబ్రరీ మనుషులు ఇంటికి పోకుండా ఆపాలన్న పథకం నూటికి నూరుపాళ్లు ఫలించింది. అందరూ ఉన్నారు, అందరూ వద్దని ఓటేసే ఊపులో ఉన్నారు.

రోస్కో లేచాడు. "అధ్యక్షా, వీళ్లకి కొత్త ఫర్నేసు కావాలిట. ఉన్నది నేను బాగుచేసిందే, రాయిలా ఉంది. నేనో సవరణ ప్రతిపాదిస్తున్నాను. మన గిన్నెలు మనకి ముట్టేదాకా లైబ్రరీకి పైసా ఇవ్వకూడదు."

చప్పట్లు మోగాయి. క్లెమెంట్ సుత్తి కొట్టాడు. "సవరణ అసలు అంశానికి సంబంధించినదై ఉండాలి. గిన్నెకీ ఫర్నేసుకీ సంబంధం లేదు."

"ఉందండి" అంది విన్నీ.

ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో బెర్నీస్ గిన్నె. అంచుల చుట్టూ మాడింది, నడుమ ఇంకా రాయే. పొద్దుట్నుంచీ నోరు మూసుకుని ఉండాలని పెట్టుకున్న ఒట్టు ఆవిడ అక్కడితో వదిలేసింది.

"చాలా ఉంది సంబంధం. మీ పుడ్డింగులన్నీ గడ్డకట్టుకుపోయాయి. మీరు ఇంటికి పోకూడదని లైబ్రరీలో దాచాం, అది మా తప్పే. అక్కడ చలికి బిగుసుకుపోయాయి. కరుగుతాయేమోనని ఇక్కడ పెడితే టీచర్‌గారి గిన్నె పగిలింది. మేమేం తినలేదు. ఫర్నేసు శనివారం రాత్రే చచ్చిపోయింది."

"నిరుడూ ఇదే కథ చెప్పింది" అన్నాడు రోస్కో. కొందరు నవ్వారు.

విన్నీ మొహం ఎర్రబడింది. కానీ ఈసారి కూర్చోలేదు. "అయితే వచ్చి చూడండి. అందరూ రండి. చీటీలు మాత్రం తెచ్చుకోండి."

అధ్యక్షుడు నిబంధనల పుస్తకం తిరగేశాడు. సభ సభగా రోడ్డు దాటవచ్చునా అన్నదానికి అందులో జవాబు దొరకలేదు. "ఇరవై నిమిషాలు విరామం" అన్నాడు. "సభ లైబ్రరీకి వెళ్లడం లేదు. సభ్యులు వెళ్తున్నారు. ఈ తేడా గమనించగలరు."

నూట నలభై మందీ కోట్లు తొడుక్కుని రోడ్డు దాటారు. ఇరవై ఏళ్లుగా ఆ గుమ్మం తొక్కనివాళ్లు కూడా అందులో ఉన్నారు. లోపలికి వెళ్లాక విప్పిన కోట్లని మళ్లీ తొడుక్కున్నారు. గదినిండా ఊపిర్లు పొగలు కట్టాయి. పిల్లల గదిలో ఇంటిపేర్ల వరసలో ఉన్న గిన్నెల్లోంచి ఎవరిది వాళ్లు నిమిషంలో వెతుక్కున్నారు. లైబ్రరీ అంటే ఇంత సులువా అని ఒక రైతు భార్యతో అనడం విన్నీ చెవిన పడింది.

రోస్కో తన గిన్నె అందుకుని వేలితో కొట్టాడు. టంగుమంది. మళ్లీ కొట్టాడు. గిన్నెని జాగ్రత్తగా అరమీద పెట్టి, బండి దగ్గరికెళ్లి పానా తెచ్చుకుని నేలమాళిగలోకి దిగాడు.

పైన అందరూ నిలబడి విన్నారు. రెండు దెబ్బలు పడ్డాయి. నిరుడు రెండే పడ్డాయి. ఈసారి ఇంకో మూడు పడ్డాయి. తర్వాత కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆగి ఆగి ఇంకో ఆరు. ఆ పైన ఏ చప్పుడూ లేదు. రోస్కో మెట్లెక్కి వచ్చేసరికి మొహంనిండా మసి ఉంది, మీసం వాలిపోయి ఉంది. ఎవరి వైపూ చూడకుండా విన్నీ బల్ల దగ్గర ఆగిపోయాడు. బల్ల కింద ఒక వేడినీళ్ల సంచీ, మడతపెట్టిన రగ్గు ఉన్నాయి. బల్ల మీద వేళ్ల కొసలు కత్తిరించిన ఊలు చేతితొడుగులు ఉన్నాయి.

"ఇవి కత్తిరించావెందుకు?"

"పేజీలు తిప్పాలి కదండీ."

ఆయన ఆ చేతితొడుగుల్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"మీరు బాగుచేశాక పదేళ్లు శుభ్రంగా పనిచేసింది. లేనిది ఎందుకు చెప్పాలి. నిరుడు మీరు కొట్టాక కూడా నాలుగు రోజులు మండింది. ఆ తర్వాతే మనసైనప్పుడు మండటం, లేనప్పుడు మానెయ్యడం."

"నాలుగు రోజులా? మరి నాతో చెప్పొద్దూ?"

"అందరి ముందూ నవ్వించారు కదండీ" అంది విన్నీ. "మళ్లీ ఏ మొహం పెట్టుకుని వచ్చి చెప్పను?"

రోస్కో చేతితొడుగుల్ని బల్ల మీద సర్ది పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు తమ గిన్నెల్లోకి చూసుకోవడం మొదలుపెట్టారు. నిరుడు నవ్వినవాళ్లందరూ అక్కడే ఉన్నారు మరి. బెర్నీస్ మాడిన గిన్నెని విన్నీ చేతిలోంచి తీసుకుని, "నడుమ బానే ఉందిలే" అంది. అదే ఆవిడ క్షమాపణ.

ఇరవై నిమిషాల తర్వాత సభ మళ్లీ మొదలైంది. మనుషుల ఒళ్లో గడ్డకట్టిన గిన్నెలు ఉన్నాయి. రోస్కో లేచాడు.

"అధ్యక్షా, నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను."

"నేను స్వీకరించనే లేదు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు."

"అయితే ఊరికే రెండు మాటలు చెప్తాను. ఆ ఫర్నేసు చచ్చిపోయింది. దాన్నెవరూ చంపలేదు, దానికి వయసైపోయింది. నాకూ అయింది, కానీ నన్నెవరూ పానాతో బాదట్లేదు." ఆయన టోపీ తీసి, అందులోని చీటీ వైపు చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "మా అమ్మ గిన్నె ఏడెనిమిది గంటలుంటేనే రాయైపోయింది. ఆ అమ్మాయి శీతాకాలమంతా అందులో కూచుంటోంది. నిరుడు నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. కొత్తది కొనండి. బిగించే కూలి నాకొద్దు. ఓటుకి పెట్టమని కోరుతున్నాను."

"అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు క్లెమెంట్. ఒళ్లో గిన్నెల్లేనివాళ్లు పక్కవాళ్ల వైపు చూశారు, ఎవరూ ఎత్తలేదు. అధ్యక్షుడు కళ్లజోడు మీదుగా హాలంతా కలియజూసి, "గిన్నెలు కింద పెట్టి ఎత్తండి" అన్నాడు. గిన్నెలు నేలకి తగిలిన చప్పుళ్లు వరసగా వినిపించాయి. ఆ వెంట చేతులు లేచాయి. అన్ని చేతులు ఆ హాల్లో శ్మశానానికి కూడా ఎప్పుడూ లేవలేదు. వద్దన్నవాళ్లు ముగ్గురు. అందులో ఒకాయన ఆ సాయంత్రం సభ ముగించడానికి కూడా వద్దనే ఓటేశాడు.

విన్నీ కళ్లు తుడుచుకుంది. తుడుచుకునేటప్పుడు నుదుటి మీది మెతుకు చేతికి తగిలింది. ఎవరూ ముందే చెప్పలేదేమని అడగాలనిపించింది కానీ అడగలేదు.

సభ మూడున్నరకి ముగిసినా ఒక్కరూ ఇంటికి పోలేదు. గిన్నెలన్నీ టౌన్ హాలు గోడల వెంట, గదిని వెచ్చబెట్టే రేడియేటర్ల మీద పెట్టుకుని, కరిగే దాకా కూర్చున్నారు. కొట్టాల్లో ఆవులు అరుస్తున్నాయని తెలిసి కూడా కూర్చున్నారు. ఐదున్నరకి మొదటి చెంచా దిగింది. రోస్కో కస్టర్డులో మొదటి కప్పు విన్నీకే వచ్చింది. కొంచెం నీరు కారుతోంది. ఆవిడ జీవితంలో తిన్న మేపుల్ కస్టర్డులన్నిటిలోకీ అదే బాగుందని చెప్పింది. ఆ మాట కూడా నిజమే.

"మొత్తానికి నా పథకం పారింది" అంది ఆగస్టా పక్కన చేరి.

"మీ గిన్నె పోయింది టీచర్‌గారూ. నాదే తప్పు."

ఆగస్టా చేతిసంచీలోంచి చీటీ తీసి, మడత విప్పి, విన్నీ ముందు పెట్టింది. "పుస్తకం పోగొట్టినవాళ్ల చేత మన లైబ్రరీలో కొత్తది కొనిపిస్తాంగా, గిన్నెకీ అదే లెక్క."

కొత్త ఫర్నేసుని అక్టోబరులో రోస్కో రెండు రోజులు కష్టపడి తన చేత్తో బిగించాడు. దాన్ని పానాతో కొట్టకూడదని ఒక కాగితం మీద రాసి, దాని పక్కనే గోడకి అంటించాడు. ఆ శీతాకాలం లైబ్రరీ ఒక్కరోజు కూడా మూతపడలేదు. విన్నీ కొసలున్న చేతితొడుగులు కొనుక్కుంది, వాటిని బయటికెళ్లేటప్పుడు మాత్రమే వేసుకునేది. మరుసటి మార్చిలో సభ రోజున జనం అలవాటు కొద్దీ పుడ్డింగులు తెచ్చి లైబ్రరీలోనే పెట్టారు, చీటీలు అడిగి మరీ తీసుకున్నారు. లోపలి వెచ్చదనానికి మధ్యాహ్నం అయ్యేసరికి పాలతో చేసినవన్నీ పులిసిపోయాయి.